ఒంటిచేతి సరంగు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ కత్తన్న అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో గుర్తు లేదు గానీ ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. అట్టల దొంతరను నిలువునా కోసే పెద్ద మిషను అతని చేతిలో ఉండేది. పక్కవాడితో కబుర్లు చెబుతూనే, అట్ట అంచు కాస్తయినా నలగకుండా, దొంతర తరవాత దొంతర కోసి పక్కకు తోసేవాడు. చేయి తిరిగినవాడంటే ఎలా ఉంటాడో చూడండి అని కొత్తగా చేరినవాళ్ళకు అతన్ని చూపించేవారు.

ఆ చేయే పోయింది. ఒకరోజు భోజనాల వేళకు కాస్త ముందు, ఇరుక్కుపోయిన అట్టముక్కను లాగబోయి ఎడమచేతిని కత్తి కిందికి పోనిచ్చాడు. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళు తెగిపోయాయి. చివరి రెండు వేళ్ళూ ఉన్నాయన్న మాటే గానీ వంగవు.

ఆసుపత్రి నుంచి తిరిగి పనిలోకి వచ్చేసరికి మిషనుకు కొత్త ఏర్పాటు చేసి ఉంది. ముందువైపు రెండు పిడులు బిగించారు. రెండు చేతులతో రెండు పిడులనూ ఒకేసారి పట్టుకుని కిందికి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు పిడుల మీద ఉంటే ఇక కత్తి కిందికి ఎలా పోతాయి? మంచి ఏర్పాటే. ఇంకెవరికీ అలా జరగకూడదనే చేశారు. కానీ దానితో, ఎవరి మూలాన ఆ పిడులు వచ్చాయో ఆ మనిషే ఇక ఆ మిషను నడపలేకుండా పోయాడు.

"కొన్నాళ్ళు గేటు దగ్గర కూర్చో కత్తన్నా," అన్నాడు సూపర్‌వైజరు అతని మొహంలోకి చూడకుండా. "నీడపట్టున ఉంటావు. లారీ వస్తే అడ్డకర్ర లేపడం, పోయాక దించడం. మీట నొక్కితే చాలు."

"ఒక చేత్తో నొక్కొచ్చా?"

"ఒక వేలితో నొక్కొచ్చు."

ఇద్దరూ నవ్వారు. తను కూడా ఎందుకు నవ్వానా అని తరవాత కత్తన్న ఎన్నోసార్లు తిట్టుకున్నాడు.

గేటు గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకు మీట, ఎదురుగా కిటికీ. లారీకీ లారీకీ మధ్య బోలెడంత ఖాళీ. లోపల హాల్లో కత్తి దిగుతున్న చప్పుడు అక్కడికి వినపడుతూనే ఉండేది. ఎడమచేతిని ప్యాంటు జేబులోంచి తీసేవాడు కాదు. మనుషులు మాట్లాడుకునే మాటల్లో ఇన్ని చేతులున్నాయని అతనికి అంతకుముందు తెలియదు. ఎవరో ఎవరితోనో "నాకు చేతకాదు" అన్నా, "వాడు చేతులెత్తేశాడు" అన్నా, తననే అన్నట్టు ఉలిక్కిపడేవాడు.

ఇంట్లో చొక్కా బొత్తాలు భార్య పెట్టేది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. రోగుల పక్కలు సర్దడం, వాళ్ళను లేపి కూర్చోబెట్టడం, బట్టలు మార్చడం ఆవిడ పని.

"రోజూ అంతమందికి తొడుగుతాను. మీ ఒక్కరికీ బరువా?" అనేది.

ఓదార్పుగానే అనేది. తనను కూడా ఆ రోగుల వరసలో పడుకోబెట్టేసిందని అతనికి అనిపించేది. పైకి అనేవాడు కాదు. అసలు ఏమీ అనేవాడు కాదు. ఇద్దరే ఉండే ఇంట్లో ఒకరు నోరు కట్టేసుకుంటే రెండోవాళ్ళు ఎంతసేపని గోడలతో మాట్లాడతారు? ఆవిడ కూడా మానేసింది.

అలాంటి రోజుల్లో బావమరిది వచ్చాడు. అతనిది ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు. నోరు మూసుకుని కూర్చోవడం పుట్టుకతో రాని మనిషి.

"నీ ఫోన్ ఇలా ఇవ్వు బావా," అని లాక్కుని అందులో ఏదో ఎక్కించాడు. "ఇది ఆట. చంపడాలు, కాల్చడాలు లేవు. పడవ నడుపుతావు, అంతే. ఒక్క బొటనవేలు చాలు."

"నాకున్నదీ ఒకటేగా."

"అందుకే తెచ్చా," అన్నాడు బావమరిది, తడుముకోకుండా.

ఆ ఆట పేరు 'రేవులు'. తెర మీద ఒక పెద్ద నది, దానికి ఎన్నో పాయలు, ఒడ్డున రెల్లుపొదలు, నీళ్ళ కింద కనీ కనపడని ఇసుక మేటలు. రేవుల్లో జనం మూటలతో నిలబడి ఉంటారు. వాళ్ళను ఎక్కించుకుని ఆవలి ఒడ్డున దించాలి. ఆడేవాడే ఆ పడవకు సరంగు. బొటనవేలిని తెర మీద ఆనించి అటో ఇటో జరిపితే చుక్కాని తిరుగుతుంది. వేలు తీసేస్తే పడవ వాలు వెంట తనంతట తనే పోతుంది. ఎవరికీ తొందర లేదు. ఆలస్యమైందని ఎక్కినవాళ్ళు సణగరు.

కత్తన్న తన బతుకులో పడవ ఎక్కి ఎరగడు. అయినా మొదటి సాయంత్రమే అతని బొటనవేలికి ఆ నది అంటుకుంది. పోయిన పనితనం అంతా ఆ ఒక్క వేలిలోకి వచ్చి చేరినట్టు, పడవ అతను తలుచుకున్న చోట తిరిగేది. ఆ తిరగడంలో ఎప్పుడో మరిచిపోయిన సుఖం ఏదో ఉంది.

రెండో సాయంత్రం మేట మీద దిగబడ్డాడు. ఎంత తిప్పినా పడవ కదలలేదు. వెనక నుంచి ఇంకో పడవ వచ్చి ఆగింది. దాని మీద 'ముసలికొంగ' అని రాసుంది. పడవలు దగ్గరగా వస్తే నడిపేవాళ్ళు మాట్లాడుకోవచ్చని అతనికి అప్పుడే తెలిసింది. ఫోన్లోంచి వయసు మళ్ళిన ఆడమనిషి గొంతు వినపడింది.

"ఎవరు నాయనా అక్కడ, ఇసుకలో కూర్చుంది?"

"కొత్తవాణ్ణండీ."

"కొత్తవాళ్ళందరూ ఈ మేటకే మొక్కు తీర్చుకుని పోతారు. తాడు వేస్తున్నా, పట్టుకో."

పట్టుకో అని అతనితో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. పట్టుకున్నాడు. పడవ మేట దిగి నీళ్ళలోకి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. అసలు పేరు అడగలేదు, ఆవిడా అడగలేదు. సాయంత్రం కాగానే రెండు పడవలూ కలిసి బయలుదేరేవి. ఏ పాయలో నీరు తక్కువో, ఏ మలుపులో వాలు ఎదురు తిరుగుతుందో ఆవిడ చెప్పేది. మధ్యమధ్యలో తన కోడలి మీద చాడీలు చెప్పేది, అవి చాడీల్లా కాక ముచ్చట్లలా ఉండేవి. కత్తన్న పగలబడి నవ్వేవాడు. తన చేయి సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ నది మీద అతనికి రెండు చేతులూ ఉన్నాయి మరి.

కొన్నాళ్ళకు ఆటకు మొదటి అప్‌డేట్ వచ్చింది. నది మీద వాన కురవడం మొదలైంది. తెల్లవారుజామున పొగమంచు. మంచులో ఎదుటి పడవ దీపం మసగ్గా కనపడేది. కత్తన్న ఆనందం పట్టలేక వంటగదిలో ఉన్న భార్యను పిలిచాడు.

"ఇలా రా. వాన చూడు."

ఆవిడ తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "బయట ఎండ మాడ్చేస్తుంటే మీకు ఫోన్లో వాన," అంది. అన్నదే గానీ కాసేపు అక్కడే నిలబడింది. బొత్తాల కోసం కాకుండా ఇంకో దానికోసం అతను తనను పిలిచి చాలా కాలమైంది.

రెండో అప్‌డేట్‌తో నది నిండా రంగులొచ్చాయి. నెమలి పడవలు, ఏనుగు పడవలు, ఒడ్డున దుకాణాలు, తళుకుల దీపాలు. ఇన్నిటికీ తెర మీద చోటు కావాలి కాబట్టి అక్షరాలను కుదించారు.

"చీమలు పాకినట్టుంది నాయనా," అంది పిన్నిగారు. "ఎవరిది ఏ రేవో చదవలేక నిన్న ఒకావిణ్ణి ఎదుటి ఒడ్డున వదిలేసి వచ్చా. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉందేమో."

కత్తన్న నవ్వాడు. "అలవాటైపోతుందిలెండి పిన్నిగారూ. కళ్ళజోడు మార్పించుకోండి."

"కళ్ళజోడు మారిస్తే కళ్ళు మారతాయా," అంది ఆవిడ. ఇంకేదో చెప్పబోయినట్టు ఆగింది. అతను అప్పటికే ఒక ఏనుగు పడవను చూడటంలో పడ్డాడు.

ఆ వారంలోనే ముసలికొంగ రావడం మానేసింది. ఆటలో తోటి సరంగుల పేర్లుండే జాబితాలో ఆ పేరు బూడిదరంగుకు తిరిగింది. ఒంట్లో బాగాలేదేమో, రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాడు. దారిలో కలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాడు. ఆగి జవాబు చెప్పినవాడు లేడు.

ఎందుకంటే మూడో అప్‌డేట్ వచ్చేసింది. ప్రతి ప్రయాణానికీ గడియారం పెట్టారు. ఆలస్యమైతే ఎక్కినవాళ్ళు అరుస్తారు. ఎవడు ఎవణ్ణి దాటాడో తెర పైన మెరుస్తూ ఉంటుంది. తాడు వేసి లాగడానికి ఆగితే తన గడియారం నడిచిపోతుంది గనుక ఇప్పుడు ఎవరూ ఎవరికీ తాడు వేయడం లేదు. పైగా మేట మీద ఇరుక్కున్నవాణ్ణి చూసి చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటి పెట్టారు. ఒకసారి కత్తన్న దిగబడితే, పోయే ప్రతి పడవా చప్పట్లు కొడుతూ పోయింది.

అయినా అతను ఆటను వెనకేసుకొచ్చాడు. "కొత్తలో అలాగే ఉంటుంది. సర్దుకుంటారు," అనేవాడు బావమరిదితో. పెడదారి పట్టిన కొడుకు గురించి తండ్రి చెప్పుకున్నట్టు చెప్పేవాడు. సాయంత్రాలు మునుపటికంటే ఎక్కువసేపు ఆడేవాడు, మునుపటి నది ఏదో ఒక పాయలో ఇంకా మిగిలే ఉంటుందని వెతుక్కుంటూ.

నాలుగోది ఒక ఉదయం గేటు గదిలో ఉండగా వచ్చింది. 'మరింత సహజంగా, మరింత హుషారుగా' అని తెర మీద పెద్దగా పడింది. కత్తన్న ఆట తెరిచి బొటనవేలు ఆనించాడు. పడవ కదల్లేదు. తెరకు ఎడమ పక్క ఒక చక్రం, కుడి పక్క ఒక చక్రం వెలిశాయి. ఎడమ బొటనవేలితో చుక్కాని, కుడి బొటనవేలితో వేగం. రెండూ కలిపి నొక్కితేనే పడవ నడుస్తుంది.

అతను కుడిచేత్తో కుడి చక్రం నొక్కాడు, చటుక్కున ఎడమదానికి మార్చాడు. పడవ నడినదిలో పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగింది. ఎక్కినవాళ్ళు అరుస్తున్నారు. బయట లారీ హారన్ ఎంతసేపటి నుంచి మోగుతోందో అతనికి తెలియదు. డ్రైవరు దిగి వచ్చి కిటికీ మీద కొట్టాడు.

"ఏం కత్తన్నా, నిద్రా?"

అతను లేచి మీట నొక్కాడు. ఒక వేలితోనే.

ఆ తరవాతి రోజుల్లో అతను చేయని ప్రయత్నం లేదు. ఫోన్‌ను బల్ల మీద పడుకోబెట్టి మోచేత్తో చూశాడు. గోడకు ఆనించి గడ్డంతో చూశాడు. వంగని వేళ్ళకు రబ్బరు ముక్క కట్టుకుని దానితో నొక్కాడు. పడవ ఒడ్డుకు కొట్టుకునేది, మేట ఎక్కేది, చప్పట్లు మోగేవి. ఒకరోజు భార్య పని నుంచి వచ్చేసరికి నేల మీద బోర్లా పడుకుని ముక్కుతో తెరను పొడుస్తూ కనిపించాడు. ఆవిడ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను లేచి కూర్చుని మొహం తిప్పుకున్నాడు.

బావమరిది కొట్టుకు వెళ్ళి విషయం చెప్పాడు. అతను ఎవరి ఫోనో విప్పుకుని కూర్చుని, తల ఎత్తకుండానే అన్నాడు.

"అలవాటైపోతుందిలే బావా."

అదే మాట, అదే విరుపుతో, తను ఎవరితో అన్నాడో కత్తన్నకు గుర్తొచ్చింది. ఆవిడ చెప్పబోయి ఆగిన మాట ఏమిటో కూడా అప్పుడే తెలిసినట్టయింది. చూపు పోతోందని చెప్పబోయింది. ఆ క్షణంలో తను ఏనుగు పడవను చూస్తున్నాడు.

"ఏంటి బావా, అలా అయిపోయావ్?"

"ఆ ఆట కంపెనీవాళ్ళకు రాయి," అన్నాడు కత్తన్న. "ఒక చెయ్యి లేనివాళ్ళు ఆడుతున్నారని రాయి. అక్షరాలు కనపడనివాళ్ళు ఆడుతున్నారని కూడా రాయి."

బావమరిది రాశాడు. పంపీ పంపకముందే జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, ధన్యవాదాలు. మళ్ళీ రాశాడు, మళ్ళీ అదే. గోడకు చెప్పుకోవడమే నయం, అది కనీసం ధన్యవాదాలు చెప్పదు అన్నాడు కత్తన్న.

చివరికి బావమరిది సొరుగు అడుగు నుంచి అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి తీశాడు. ఎవరో వదిలేసి పోయినది. అందులో 'రేవులు' తొలినాటి రూపంలో ఉంది. నెట్‌కు కలపకుండా ఆడుకో, మారదు అన్నాడు. కత్తన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. బొటనవేలు ఆనించగానే పడవ తిరిగింది. కానీ నది మీద ఇంకో పడవ లేదు. నెట్ లేకపోతే మనుషులుండరు. రేవుల్లో అవే బొమ్మలు మూటలతో నిలబడి ఉన్నాయి. అతను వాటినే ఎక్కించాడు, వాటినే దించాడు. మేట మీద దిగబడితే నీరు పెరిగేదాకా ఎదురుచూశాడు. అదీ కొన్నాళ్ళే. ఒకరోజు ఆ ఆట కూడా మూతపడింది. పాత రూపానికి గడువు తీరిపోయింది, కొత్త రూపు తెచ్చుకుంటే తప్ప తెరుచుకోదట. ఎంత నొక్కినా ఆ ఒక్క ముక్కే చెప్పింది.

మర్నాడు భోజనాల వేళ హాలు ఖాళీగా ఉన్నప్పుడు కత్తన్న గేటు గది వదిలి లోపలికి వెళ్ళాడు. తన పాత మిషను ముందు నిలబడ్డాడు. కుడిచేత్తో కుడి పిడి పట్టుకున్నాడు. ఎడమ అరచేతిని ఎడమ పిడి మీద పెట్టి నొక్కబోతే జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పట్టీ పక్కనే పడి ఉంటే తీసి, ఒక కొన పళ్ళతో పట్టుకుని, ఎడమచేతిని పిడికి బిగించి కట్టేశాడు. ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. కత్తి దిగింది. లేచింది. మళ్ళీ నొక్కాడు.

చప్పుడు విని సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"కత్తన్నా, ఏం చేస్తున్నావ్?"

"కోస్తున్నా."

"ఏం కోస్తున్నావ్? బల్ల మీద ఏముంది?"

కత్తన్న చూశాడు. బల్ల మీద ఏమీ లేదు. పట్టీ చర్మంలోకి దిగి మణికట్టు నుంచి రక్తం కారుతోంది. సూపర్‌వైజరు మిషను ఆపి, కట్టు విప్పి, అతన్ని భుజం పట్టి బయటకు తీసుకొచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండు. నేను కబురు చేస్తా," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య గాయం కడిగి మందు రాసింది. ఆసుపత్రిలో అందరికీ చేసినట్టే, తొందర లేకుండా, నొప్పెట్టకుండా చేసింది. కట్టు కడుతూ అడిగింది.

"ఒక ఆట కోసమా ఇదంతా?"

"ఆట కాదది," అన్నాడు. "ఇప్పుడున్నది నేనెరిగిన నది కాదు. ఇంకేదో."

"నేనెరిగిన మనిషి మీరూ కారు," అంది ఆవిడ. "వదిలేసి పోయానా?"

ఆవిడ ముడి వేసింది. వేసిన ముడిని మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

"మీరు ఆ ఫోన్లో ఎవరితోనో నవ్వుతుంటే వంటగదిలోంచి వినేదాన్ని. నాతో ఉంటే మీకా నవ్వు రాదు గదా అనుకునేదాన్ని. పోనీలే, ఇంట్లో నవ్వు వినపడుతోంది కదా అని ఊరుకున్నా. ఇప్పుడు అదీ లేదు. ఆసుపత్రిలో ఆపరేషన్లయినవాళ్ళు కూడా నాతో నాలుగు మాటలు మాట్లాడతారు. ఇంటికొస్తే భయమేస్తోంది నాకు."

ఆవిడ ఏడ్చింది. ఏం చేయాలో అతనికి తెలియలేదు. కట్టు కట్టిన చేతిని ఆవిడ ఒళ్ళో అలాగే ఉంచాడు.

సూపర్‌వైజరు కబురు చేశాడు. కత్తన్న మళ్ళీ గేటు గదికి వెళ్ళాడు. ఫోన్‌ను సొరుగులో పెట్టి సాయంత్రం దాకా తీసేవాడు కాదు. అలా కొన్ని నెలలు పోయాక, ఒక ఆదివారం బావమరిది ఆయాసపడుతూ ఇంటికొచ్చాడు.

"బావా, ఇచ్చేశారు. చాలామంది గోల పెట్టారట. ఒంటిచేతి పద్ధతి మళ్ళీ పెట్టారు. గడియారం కూడా వద్దంటే తీసేసుకోవచ్చు. తీయి, తీయి ఫోన్."

కత్తన్న ఆట తెరిచాడు. బొటనవేలు ఆనించాడు. పడవ తిరిగింది. నది మీద సన్నగా వాన పడుతోంది. ఒక రేవులో ఒకణ్ణి ఎక్కించుకుని, మేటలన్నీ తప్పించుకుంటూ ఆవలి ఒడ్డున దించాడు. వేలు ఏదీ మరిచిపోలేదు. అన్నీ మునుపటిలాగే ఉన్నాయి. లోపల మాత్రం ఏదీ కదల్లేదు. పొమ్మన్నప్పుడు పోవాల్సిన అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టడానికి చేయి రానట్టు, అతని మనసు ఆ నది మీద ఎక్కడా ఆనలేదు. తరవాత ఏది తీసేస్తారో అని చూపు వెతుకుతూనే ఉంది.

"ఎలా ఉంది బావా?"

"బాగుంది."

"మరి మొహం అలా ఉందేం?"

"ఆట బాగుందిరా. నాకే బాగాలేదు."

బావమరిది లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

అతను వెళ్ళాక కత్తన్న జాబితాలో ముసలికొంగ పేరు వెతికాడు. బూడిదరంగులో అలాగే ఉంది. దాని కింద ఒక్కొక్క అక్షరమే కొడుతూ రాశాడు. పిన్నిగారూ, అక్షరాలు ఇంకా చిన్నవిగానే ఉన్నాయి. మీకు చదివి పెట్టడానికి ఎవరైనా ఉన్నారో లేదో. ఆ రోజు నేను సరిగ్గా వినలేదు.

ఆ తరవాత ఆడటానికి కాక, జవాబు వచ్చిందేమో చూడటానికే ఆట తెరిచేవాడు. రాలేదు. ఇంకో అప్‌డేట్ వచ్చింది. దానిలో చాలాకాలంగా రానివాళ్ళ పేర్లన్నీ తుడిచేశారు. జాబితాలో ముసలికొంగ లేదు, రాసిన మాటలూ లేవు.

అతను ఫోన్ పక్కన పెట్టి భార్యను పిలిచాడు. మేట మీద దిగబడ్డ సాయంత్రం నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. తాడు, కోడలి చాడీలు, వాన, చీమల్లాంటి అక్షరాలు. ఆవిడ నేల మీద కూర్చుని విన్నది. అన్నీ విని అడిగింది.

"ఆవిడకు మీ చేయి సంగతి తెలుసా?"

"తెలీదు. చెప్పలేదు."

"చెప్పుంటే?"

కత్తన్న ఆలోచించాడు. "చెప్పుంటే, తనూ కళ్ళ సంగతి చెప్పేదేమో."

పొద్దు వాలుతోంది. ఆవిడ వంటకు లేచింది. అతను కూడా లేచి వెనకాలే వెళ్ళాడు, అక్కడ తను చేయగలిగిందేమిటో తెలియక వంటగది గుమ్మంలోనే నిలబడ్డాడు.